బోర్డో మందూ, బెంగళూరు నల్లద్రాక్షా



పోయిన పండగకు మా అన్న కొడుకు బెంగళూరు నుంచి ఒక ఎర్ర వైను సీసా తెచ్చినాడు. "చిన్నాయనా, ఇది ఫ్రాన్సుది, బోర్డో" అన్నాడు. ఎనభై దాటిన మా అమ్మ విని, "చెట్లకు కొట్టే మందు ఇంట్లోకి ఎందుకు తెచ్చినావురా?" అని కసిరింది. అందరమూ నవ్వినాము. కానీ ఆమె మాట తప్పు కాదు. చేన్లో కొట్టే మందూ, సీసాలోని మందూ ఒకే ఊరివి.

బోర్డో ఫ్రాన్సు పడమటి పక్క ఊరు. కాబెర్నే సావిన్యాన్, మెర్లో అనే నల్లద్రాక్షలతో చేసే వైనుకు పేరు పడింది. ఆ పక్క మెడాక్ సీమలో దోవన పోయేవాళ్లు పండ్లు కోసుకోకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి అంచు తీగలపైన చల్లేవాళ్లు. 1882లో మిల్లార్డెట్ అనే వృక్షశాస్త్రం అయ్యవారు ఒకటి గమనించినాడు. మందు పడిన తీగలకు ఆకు నిలిచింది, మిగతావి బూజు తెగులుకు రాలిపోయినాయి. ఆయన 1885లో ఆ సంగతి అచ్చేసినాడు. ఈనాటికీ మనం టమాటాకు కొట్టే బోర్డో మిశ్రమం అదే.

ఆ బూజు అమెరికా నుంచి వచ్చింది. అంతకు ముందే, 1860లలో, అక్కడినుంచే ఫిలాక్సెరా అనే పురుగు వచ్చి వేర్లు తినేసి ఫ్రాన్సు తోటలను పాడు చేసింది. కడకు అమెరికా తీగ వేరుకు ఫ్రాన్సు కొమ్మను, మన కృష్ణగిరిలో మామిడి అంటు కట్టినట్టు, కట్టి బతికించుకొన్నారు. కొందరు రైతులు అమెరికా రకాలనే నేరుగా నాటినారు. వాటిలో ఒకటి ఇసబెల్లా. దాని వైనుకు నక్క వాసన అని పేరు పెట్టినారు. వైను మితిమీరి, ధర పడిపోయిన కాలంలో, 1934లో చట్టం చేసి ఇసబెల్లాతో కలిపి ఆరు రకాలను వైనుకు పనికిరావని తోసేసినారు.

ఆ ఇసబెల్లా ఎక్కడుందనుకొన్నారు? మన ఎల్ల దాటితే దేవనహళ్లి, దొడ్డబళ్లాపురం, చిక్కబళ్లాపురం పక్కల పందిళ్లకు వేలాడుతా ఉంది. మనం గంపల్లో కొనే బెంగళూరు బ్లూ అదే. నూట యాభై ఏండ్ల కిందట వచ్చిన ఆ తీగకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇంక తిండి సంగతి. బోర్డో వైను నేరేడుపండు మాదిరి వగరు. ద్రాక్ష తొక్కా గింజా ఇచ్చే ఆ వగరు, ఎంగిలిలోని మాంసకృత్తులను పట్టుకొని నాలుకను ఎండబెడుతుంది. కాల్చిన గొర్రెమాంసమో, గట్టి చీజో తోడుంటే వగరు వాటిని పట్టుకొంటుంది, నోరు మెత్తబడుతుంది. అందుకే ఆ సీమవాళ్లు పోయాక్ గొర్రెపిల్ల మాంసంతో తాగుతారు. ఎండుమిరప కారానికి మాత్రం ఈ వైను పడదు, మంట ఇంకా పెరుగుతుంది. మా ఇంట్లో అదే జరిగింది. సంగటీ మాంసం పులుసుతో పిల్లోడికి చెమటలు పట్టినాయి. మిరియాలతో వేయించిన పొట్టేలు ముక్కలతో సీసా బాగానే కుదిరింది.

"మన తిండి వైనుకు సరిపోదు" అని వాడు చిన్నబుచ్చుకొన్నాడు. నేనన్నాను, "ఆ వైను ఆ ఊరి తిండితో కలిసి పెరిగింది నాయనా. మన పులుసు సంగటితో కలిసి పెరిగింది. దీంట్లో ఎవరూ తక్కువ కాదు."

నిన్నగాక మొన్న వచ్చిన తీగకే ఊరి పేరు దక్కింది. మరి మొరసునాటిలో తరతరాలుగా ఉండే మన మాటను, మన వంటను "ఇది సరైన తెలుగేనా?" అని అడుగుతా ఉంటే మనమెందుకు తల వంచుకోవాల? అయితే ఒకటి. ఆ గుర్తింపు ఊరికే రాలేదు. ఈ పంట ఈ మన్నుదేనని పాత ఆధారాలు కాగితం మీద చూపిస్తేనే ఇస్తారు.

మనమూ అదే పని చేద్దాం. మీ ఇంటి పెద్దావిడ దగ్గర కూర్చోండి. ఒక వంట, దాని పేరు, ఆమె చెప్పిన మాటల్లోనే రాసి కింద పెట్టండి. మాటలు దిద్దకండి. నేను మా అమ్మ చెప్పిన ఉలవచారుతో మొదలు పెడతాను.