పజుండౌంగ్: రంగం బియ్యపు మిల్లులు, తెలుగు కూలీలు

యాంగోన్ నగర కేంద్రానికి తూర్పు అంచున ఉన్న పజుండౌంగ్ టౌన్‌షిప్ విస్తీర్ణంలో చాలా చిన్నది. టౌన్‌షిప్ అంటే మయన్మార్ పాలనా వ్యవస్థలో జిల్లాకు దిగువన, వార్డులకు ఎగువన ఉండే విభాగం. ఉత్తరాన మింగలా టౌంగ్‌న్యుంట్, దక్షిణ పశ్చిమాల్లో బొటటౌంగ్ టౌన్‌షిప్‌లు దీనికి సరిహద్దులు కాగా, తూర్పున పజుండౌంగ్ వాగు పారుతుంది. స్థానికంగా ఙమోయెయ్ అని కూడా పిలిచే ఈ వాగు ఆవలి ఒడ్డున డాబోన్, తాకేటా పేటలున్నాయి. శ్వేడగోన్ పగోడానూ నగర కేంద్రంలోని వలస కాలపు భవనాలనూ చూసే యాత్రికుల్లో ఇటువైపు వచ్చేవారు తక్కువ. అయితే గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల ప్రజలు రెండు మూడు తరాల పాటు ‘రంగం’ అని పిలుచుకున్న రంగూన్ (యాంగోన్ పాత పేరు) గురించి తెలుసుకోదలచినవారు పగోడాల కంటే ముందు ఈ వాగు ఒడ్డుకే రావాలి, ఎందుకంటే వారిలో వేలాది మందికి పని దొరికింది ఇక్కడే.

బర్మా (నేటి మయన్మార్) రాజు అలౌంగ్‌పయా 1755లో యాంగోన్‌కు ఆ పేరు పెట్టి పట్టణంగా తీర్చినప్పుడు పజుండౌంగ్ దాని కోటకంచెకు వెలుపలి పల్లె. రెండవ ఆంగ్లో బర్మా యుద్ధంలో 1852లో బ్రిటిష్ వారు పట్టణాన్ని ఆక్రమించిన తర్వాత విలియం మాంట్‌గొమెరీ అనే వైద్యుడు రూపొందించిన ఆలోచననూ, అలెగ్జాండర్ ఫ్రేజర్ అనే ఇంజనీరు ఆచరణలో పెట్టిన పథకాన్నీ అనుసరించి యాంగోన్ నది వెంబడి నిలువు, అడ్డ వీధుల కొత్త నగరం లేచింది. ఆఫీసులు, బ్యాంకులు, కోర్టులు నగర మధ్యానికి చేరగా, పొగ, దుమ్ము, మోత ఎక్కువగా ఉండే పనులు నగరపు అంచులకు మళ్లాయి. ఇరావతి డెల్టా నుంచి వచ్చే ధాన్యపు పడవలు నదిలోని పెద్ద ఓడల రద్దీకి దూరంగా నిలవడానికి పజుండౌంగ్ వాగు అనువుగా ఉండేది. పైగా వాగుకు రెండు ఒడ్డులా మిల్లులకు చాలినంత నేల దొరికింది. 1860ల నుంచి ఆవిరి యంత్రాలతో నడిచే బియ్యపు మిల్లులు ఇక్కడ వరసగా వెలిశాయి.

ఈ విస్తరణను వేగవంతం చేసింది 1869లో తెరుచుకున్న సూయజ్ కాలువ. అంతకుముందు తెరచాప ఓడలు ఆఫ్రికా కొసను చుట్టి నెలల తరబడి ప్రయాణించేవి. తెల్లగా మరపట్టిన బియ్యం అంతకాలం పాడవకుండా ఉండదు గనుక పైపొట్టు మాత్రమే తీసి, కొంత వడ్లు కలిపిన ముతక బియ్యాన్ని ‘కార్గో బియ్యం’ అనే పేరుతో యూరపుకు పంపి అక్కడి మిల్లుల్లో పాలిషు పట్టేవారు. కాలువతోపాటు ఆవిరి నౌకలు వచ్చి ప్రయాణ కాలాన్ని తగ్గించడంతో పాలిషు పని కూడా క్రమంగా రంగూన్‌లోనే జరగసాగింది. 1870లో ఏర్పడిన స్టీల్ బ్రదర్స్, దానితో పోటీపడిన బుల్లక్ బ్రదర్స్ వంటి బ్రిటిష్ సంస్థలు ఈ వ్యాపారంలో పెత్తనం చేశాయి. ఇటువంటి నాలుగు పెద్ద సంస్థలు 1921లో ‘బుల్లింజర్ పూల్’ అనే కూటమి కట్టి, పోటీ మాని ధాన్యం ధరను తామే నిర్ణయించడానికి పూనుకున్నాయి. డెల్టా రైతుకు తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల అప్పు ఒకవైపు, మిల్లుల కూటమి ధర మరొకవైపు కాగా, దిగువ బర్మా 1930ల నాటికి ఏటా 30 లక్షల టన్నుల వరకు బియ్యం ఎగుమతి చేసి ప్రపంచంలోనే అగ్రస్థానంలో నిలిచింది.

మిల్లులో పని నడిచే తీరు తెలిస్తే అందులో మనుషుల అవసరం ఎంతో అర్థమవుతుంది. పంట కోతల తర్వాత, జనవరి నుంచి వర్షాలు మొదలయ్యే వరకు పడవలు వాగులో బారులు తీరేవి. ధాన్యాన్ని గంపలతో కొలిచేవారు. గంపకు 46 పౌన్లు, అంటే దాదాపు 21 కిలోలు లెక్క, మార్కెట్ ధరను నూరు గంపలకు ఇంతని చెప్పేవారు. ముఠా కూలీలు పడవ నుంచి ఒడ్డుకు వేసిన పలక మీదుగా గంపలు మోసి గోదాములో పోసేవారు. అక్కడి నుంచి యంత్రం ధాన్యాన్ని పైకి ఎత్తి, జల్లెడ పట్టి, రాళ్ల మధ్య నలిపి, గాలితో ఊకను వేరు చేసేది. ఆ తర్వాత తవుడు పోయేలా తెల్లగా పట్టి బస్తాలకు ఎత్తించేవారు. ఆవిరి పుట్టించే కొలిమికి ఊకే ఇంధనం, కాబట్టి మిల్లుకు బొగ్గు కొనే ఖర్చు చాలావరకు తప్పేది. యంత్రం రాకతో దంపుడు పని పోయిందే గాని మోత పని తగ్గలేదు. మరపట్టే వేగం పెరిగిన కొద్దీ దానికి అటూ ఇటూ ధాన్యాన్నీ బస్తాలనూ చేరవేసే భుజాలు మరిన్ని కావలసివచ్చాయి.

ఆ భుజాలు చాలావరకు తెలుగువారివి. కోరంగి రేవు 1839 నాటి తుపానుతో దెబ్బతిని కాకినాడకు స్థానం ఇచ్చినా, ఆ తీరం నుంచి వచ్చిన తెలుగువారిని రంగూన్‌లో ‘కోరంగీలు’ అనే పిలుస్తూ వచ్చారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవుల్లో డెక్కు ప్రయాణికులను ఎక్కించుకుని బంగాళాఖాతం దాటేవి. వారిని పనికి కూర్చినవాడు మేస్త్రీ. ఊరిలోనే ఓడ టిక్కెట్టుకూ ఇంటి ఖర్చుకూ ముందుగా బయానా ఇచ్చి, రంగూన్‌లో మిల్లు యజమానికి ముఠాను అప్పగించి, యజమాని ఇచ్చే మొత్తంలో తన వాటా, బయానా కింద జమ, తిండి ఖర్చు మినహాయించుకుని మిగిలినది కూలీకి ఇచ్చేవాడు. కూలీకీ మిల్లుకూ నేరుగా లెక్క లేదు గనుక ఎంత మినహాయించారో అడిగే చోటు కూడా అతనికి లేదు. ఎ. నారాయణరావు 1930లో బర్మాలోని కాంట్రాక్టు కూలీల స్థితిపై రాసిన పుస్తకం ఈ వ్యవస్థను తీవ్రంగా విమర్శించింది.

మిల్లు పని కొన్ని నెలలకే పరిమితం కావడంతో కూలీల రాకపోకలు ఆగేవి కావు. మిల్లు కట్టేసిన రోజుల్లో వారిలో కొందరు ఓడరేవు ఎగుమతి పనికో రిక్షా లాగడానికో మళ్లగా, ఇంకొందరు ఇంటికి తిరిగేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనాభా 4,00,415 కాగా, అందులో 2,12,929 మంది భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువారు లక్షన్నరకు పైబడి ఉన్నారు. వీరిలో మగవారే అత్యధికులు. బ్యారక్కులు అని పిలిచే అద్దె కొట్టాల్లో ఒక్కో గదిలో అనుమతించిన సంఖ్యకు ఎన్నో రెట్ల మంది వంతులవారీగా పడుకునేవారని ఆనాటి విచారణలు నమోదు చేశాయి. దక్షిణాఫ్రికాలోని సొవెటో వంటి టౌన్‌షిప్‌లలో నల్లజాతి కార్మికులను నగరానికి దూరంగా ఉంచింది చట్టం. పజుండౌంగ్‌లో అటువంటి చట్టం లేకపోయినా ఆ పనిని అద్దె, అప్పు చేశాయి. ఇదే కాలంలో ఆంధ్ర రంగస్థలం మీద సోమరాజు రామానుజరావు ‘రంగూన్ రౌడీ’ నాటకం జనాదరణ పొందింది, కాని మేస్త్రీ ముఠాలో గంప మోసినవాడి జీవితం మన సాహిత్యంలో రావలసినంతగా రాలేదు.

1930 సంవత్సరం ఈ పేటల చరిత్రలో మలుపు. ప్రపంచ ఆర్థిక మాంద్యంతో ధాన్యం ధర పడిపోసాగింది. ఆ మే నెలలో రేవులోని తెలుగు కూలీలు వేతనం పెంచాలని సమ్మె చేయగా, ఓడల సరుకు ఎత్తి దించే కాంట్రాక్టర్లు వారి స్థానంలో బర్మీయులను పనికి పెట్టుకున్నారు. ఆ తర్వాత కొద్దిపాటి పెంపుతో రాజీ కుదరడంతో, మే 26న తెలుగువారు తిరిగి పనికి వచ్చేసరికి బర్మీయులను పంపివేశారు. ఆ ఉదయం మొదలైన కొట్లాట రోజుల తరబడి కూలీల పేటల్లో సాగింది. చనిపోయినవారు వందకు పైగా అని ప్రభుత్వం లెక్క కట్టింది, వారిలో తెలుగువారే ఎక్కువ. దీనిని జాతి వైరంగా వర్ణించే ధోరణి అప్పటి నుంచీ ఉన్నది. రెండు పేద వర్గాలను ఒకే పనికి వంతుల మీద పిలిచి, ఒకరి కూలి తగ్గించడానికి మరొకరిని వాడుకున్న కాంట్రాక్టు పద్ధతిని పక్కనపెట్టి ఆ వర్ణన చేయడం సరికాదు. 1938 జులైలో మళ్లీ అల్లర్లు చెలరేగాయి. అంతకుముందే, 1937 ఏప్రిల్ 1న, బర్మా భారతదేశం నుంచి వేరు పాలనగా విడిపోయింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. రేవు కూలీలు, మిల్లు కూలీలు నగరం విడిచి వెళ్లిపోవడంతో ఓడల పని స్తంభించింది. 1942 మార్చి 8న నగరం జపాను వశమయ్యే నాటికి లక్షలాది భారతీయులు అరకాన్ కనుమల గుండానో, మణిపూర్ దారినో కాలినడకన తరలుతున్నారు. వారిలో ఎందరో దారిలోనే కలరా, మలేరియాలకు, ఆకలికి బలయ్యారు. యుద్ధం ముగిశాక కొందరు తిరిగి వచ్చినా పాత వ్యాపారం తిరిగి రాలేదు. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం పొందిన బర్మా బియ్యం ఎగుమతిని ప్రభుత్వ సంస్థ చేతికి ఇచ్చింది. 1962లో అధికారం చేపట్టిన నే విన్ సైనిక ప్రభుత్వం వాణిజ్యాన్నీ మిల్లులనూ జాతీయం చేసింది. 1964లో 50, 100 చాట్ల నోట్లను రద్దు చేయడంతో చిన్న వ్యాపారుల పొదుపు కూడా పోయింది. అప్పుడు ప్రత్యేక ఓడల్లో తిరిగివచ్చిన కుటుంబాలు చెన్నై, విశాఖపట్నం రేవుల్లో దిగాయి. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ తరలింపునకు నేటికీ ఆనవాలు.

నేటి పజుండౌంగ్‌లో మిల్లుల కాలం ఛాయలు పలుచనవుతున్నాయి. వాగు వెంట సాగే దిగువ పజుండౌంగ్ రోడ్డు, పజుండౌంగ్ బజారు, యెజ్యా పేట, బగో దారిలోని చిన్న రైల్వే స్టేషను, డాబోన్‌కు దాటించే మహా బందూల వంతెన చూడదగినవి. వీటిని చూడటానికి ఒక పూట చాలు. యాంగోన్ నగరపాలక సంస్థ 1996లో ప్రకటించిన 189 వారసత్వ కట్టడాల జాబితాలో ప్రభుత్వ భవనాలు, ప్రార్థనా మందిరాలు, పాఠశాలలదే అగ్రభాగం. ఆ భవనాలు కట్టేందుకు తగిన సంపదను వాగు ఒడ్డున ధాన్యం మోసినవారు సమకూర్చగా, వారు పనిచేసిన గోదాములకూ పడుకున్న బ్యారక్కులకూ అందులో తగిన చోటు దక్కలేదు. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం పరిసర గ్రామాల ఇళ్లలో రంగం నాటి మనియార్డరు రసీదులు, ఓడ టిక్కెట్లు, మేస్త్రీ లెక్కల కాగితాలు ఇంకా మిగిలి ఉంటే, వాటిని సమీపంలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో జిల్లా గ్రంథాలయానికో నకలు తీయడానికైనా ఇవ్వడం ఆయా కుటుంబాలు చేయదగిన పని.