గండికోటలో కనిపించని దీపం: రాయలసీమ ఆలయాల వేలాడు దీపాల చరిత్రకు ఆధారాలు

ఉపోద్ఘాతం

ఇంటి కప్పు నుండి గొలుసుతో వేలాడే దీపం యూరపు కళాచరిత్రలో ప్రత్యేక అధ్యయన విషయం. స్కాండినేవియా దేశాల పాత చర్చిలలో వేలాడే ఇత్తడి దీపవృక్షాలపై దాత పేరు, సంవత్సరం చెక్కి ఉండటం సాధారణం. 1918లో హెల్సింకీలో ఏర్పడిన తైతో సంస్థలో పావో తునెల్ రూపొందించిన ఇత్తడి దీపాలలో అనేకం సంస్థ ముద్రతో గుర్తుపట్టదగినవి. అంటే అక్కడ దీపమే తన చరిత్రకు పత్రం. రాయలసీమ ఆలయాలలోని వేలాడు దీపాలకు ఇటువంటి సౌకర్యం అరుదు. ఈ దీపాల చరిత్రను ఏ ఆధారాలతో నిర్మించాలన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

రూపం

వేలాడు దీపంలో గొలుసు, నూనె పోసే పళ్లెం, వత్తులుంచే ముక్కులు ప్రధాన భాగాలు. శిల్పాలంకారం గొలుసు మధ్యలోనో, పళ్లెం మీదనో హంస, ఏనుగు, గజలక్ష్మి వంటి రూపాలలో ఉంటుంది. ఇది కేవలం అలంకారం కాదు. ముంబయిలోని జోగేశ్వరి గుహలలో దొరికిన ప్రసిద్ధ దీపంలో ఏనుగు శరీరమే నూనె నిల్వచేసే పాత్ర. పళ్లెంలో నూనె తగ్గినప్పుడు ఆ శరీరం నుండి నూనె దిగే ఏర్పాటు అందులో ఉంది. శిల్పమూ యంత్రాంగమూ అక్కడ ఒకటే.

గండికోట సాక్ష్యం

పెన్నా నది లోయ అంచున ఉన్న గండికోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాల స్తంభాలు, మండపాలు నేటికీ చూడవచ్చు. వాటిలో ఒకనాడు వెలిగిన లోహ దీపాలు మాత్రం లేవు. ఈ లేమిని అర్థం చేసుకోవడానికి ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే రచన ఉపకరిస్తుంది. ఆయన 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చాడు. 1676లో ప్రచురితమైన తన యాత్రాగ్రంథంలో, మీర్ జుమ్లా ఆలయాలలోని రాగి విగ్రహాలను పోగుచేయించి, ఫిరంగులు పోతపోయడానికి క్లోద్ మాయే అనే ఫ్రెంచివానిని నియమించాడని రాశాడు. ఉద్దేశించినవి ఇరవై ఫిరంగులు. పని మాత్రం ఫలించలేదని కూడా ఆయనే చెప్పాడు.

ఈ కథనం విగ్రహాలను గురించినదే. దీపాల ప్రస్తావనగా దీన్ని చదవరాదు. అయితే పూజామూర్తులకే ఆ గతి పట్టినప్పుడు, అదే లోహంతో చేసిన దీపాలు సురక్షితంగా మిగిలాయని ఊహించడం కష్టం. యుద్ధం లేని కాలంలోనూ అరిగిన దీపాన్ని కరిగించి కొత్తది పోయించడం లోహపు పనిలో సహజమే. శ్రీశైల ప్రాకారపు శిలాశిల్పాలకు ఈ ప్రమాదం లేదు. రాయిని పగలగొట్టవచ్చు గాని, కరిగించి మరొక వస్తువుగా మార్చలేము. నేడు మనకు మిగిలిన శిల్పసంపదలో శిల పాలు ఎక్కువ, లోహం పాలు తక్కువ కావడానికి ఇదొక కారణం. దీన్ని నాటి కళాభిరుచికి నిదర్శనంగా భావించడం పొరపాటు.

శాసనాలలో దీపం

శాసనాల సాక్ష్యం దీనికి పూరకం. అఖండ దీప దానాలలో దీపం ఆకారం కంటే దాని పోషణకే ప్రాధాన్యం. చోళుల కాలపు తమిళ శాసనాలలో ఒక నిత్యదీపానికి 90 లేక 96 గొర్రెలను ఇచ్చే పద్ధతి కనిపిస్తుంది. చావని, ముసలికాని గొర్రెలుగా వాటిని పేర్కొన్నారు. మంద ఎన్నటికీ తరగకూడదనీ, కాపరి నుండి నెయ్యి నిత్యం అందాలనీ దాని భావం. కడప ప్రాంతంలోని నందలూరు సౌమ్యనాథాలయంలోనూ చోళుల శాసనాలుండటం వల్ల ఈ సంప్రదాయం సీమకు పరాయిది కాదు. వానలు తక్కువైన మెట్టసీమలో గొర్రెల పెంపకం ప్రధాన జీవనాధారాలలో ఒకటి. కాబట్టి గర్భగుడిలోని వెలుగును కొండ మీది మేతతో, కాపరి శ్రమతో కలిపి చదవవలసి ఉంటుంది. స్కాండినేవియా చర్చిలో దాత పేరు దీపం మీద నిలిస్తే, ఇక్కడ అది దీపాన్ని పోషించే ఒప్పందంలో, రాతి మీద నిలిచింది.

ముగింపు

దీపం పోయినా ఒప్పందం మిగలడం పరిశోధకునికి మేలే. కాని మిగిలిన కొద్ది దీపాల విషయంలో ఉపేక్ష తగదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం సాధారణంగా నూరేళ్లకు తక్కువ కాని వస్తువులనే పురావస్తువులుగా గుర్తిస్తుంది. అంతకంటే కొత్త దీపాలు ఆ నిర్వచనంలోకి రావు. గ్రామాలయాల నుండి ఒక దీపం పాతవస్తువుల అంగడికి చేరితే, అది ఏ ఊరిదో, ఏ మండపంలో వేలాడిందో చెప్పే ఆధారం దానితోపాటే పోతుంది. అందువల్ల కర్నూలు, కడప ప్రాంతాల ఆలయాలలోని వేలాడు దీపాలను గొలుసు, కొక్కెం, తూకం, కొలతలు, స్థానిక జ్ఞాపకాలతో సహా నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. మండపపు కప్పులలో కొక్కేల కోసం చేసిన రంధ్రాలనూ పరిశీలించాలి. శాసన పాఠాన్ని, ఈ భౌతిక ఆధారాలను ఒకచోట చేర్చినప్పుడే కనిపించని దీపానికి చరిత్ర సాధ్యమవుతుంది.