చౌక స్థలం వెనక చరిత్ర: రాప్తాడులో ఇల్లు కట్టుకోవాలనుకున్న ఒక అక్క కోసం

ఈ ఎపిసోడ్‌లో రాజులూ కోటలూ తక్కువ. ఒక ఇంటి స్థలం గురించి మాట్లాడుకుందాం.

మొన్న ఒక అక్క ఫోన్ చేసింది. అనంతపురంలో టైలరింగ్ చేస్తుంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. పదేళ్లుగా బాడుగ ఇళ్లే. "అన్నా, మీరు పాత సంగతులన్నీ చెప్తారు గదా, నాకొకటి చెప్పండి. రాప్తాడు పక్క రెండు సెంట్లు తీసుకుందామనుకుంటాండా. టౌన్‌లో నా దుడ్లకు ఒక సెంటు గూడా రాదు. పిల్లల్ని పెట్టుకొని ఒక్కదాన్నే ఉండల్ల. ఆ ఊరు మంచిదేనా?" అని అడిగింది.

నేను స్థలాలు అమ్మేవాణ్ణి కాదు. కానీ ఆమె అడిగింది చరిత్ర ప్రశ్నే అని తర్వాత అర్థమైంది. ఎందుకంటే ఒక చోట భూమి చౌకగా ఉందంటే ఊరికే ఉండదు. దాని వెనక ఏదో ఒక చరిత్ర ఉంటుంది. నీళ్ల చరిత్రో, కాగితాల చరిత్రో, మనుషుల చరిత్రో. డబ్బున్నవాళ్లకు ఆ చరిత్ర తెలియకపోయినా నడుస్తుంది, ఒక ప్లాటు పోతే ఇంకోటి కొంటారు. ఈ అక్కకు రెండో అవకాశం లేదు. అందుకే ఆమెకే చరిత్ర ఎక్కువ అవసరం.

ముందు నీళ్ల సంగతి.

రాప్తాడు అనంతపురానికి దక్షిణంగా, బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, టౌన్‌కు ఆనుకున్నట్టే ఉంటుంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటని చిన్నప్పటి నుంచి పుస్తకాల్లో చదువుకున్నాం. మరి ఇలాంటి చోట ఇల్లు కొనేవాళ్లకు నీళ్లు లేవనే భయం ఉండాలి గానీ, నీళ్లు వస్తాయనే భయం ఎందుకు?

ఇక్కడే అసలు విషయం ఉంది. అనంతపురం అనే ఊరు పుట్టిందే ఒక ఏటిని ఆపడం వల్ల. ఆ ఏరు పండమేరు. విజయనగర రాజుల కాలంలో, 1364 ప్రాంతంలో, చిక్కవడయరు అనే మంత్రి పండమేరుకు అడ్డంగా పెద్ద కట్ట వేయించాడని జిల్లా చరిత్ర చెప్తుంది. కట్టకు ఒక పక్క బుక్కరాయసముద్రం, ఇంకో పక్క అనంతసాగరం. ఆ అనంతసాగరమే ఇప్పటి అనంతపురం.

ఆ కట్ట గురించి ఒక కథ ఉంది, మీలో చాలామందికి తెలుసు. ఒకసారి పెద్ద వాన పడి కట్ట తెగబోయింది. ముసలమ్మ బలి అయితే తప్ప కట్ట నిలవదని గ్రామదేవత పలికిందట. ముసలమ్మ అంటే పేరే, మనిషి ముసలిది కాదు, ఆ ఊరి కోడలు. ఊరు నిలబడాలని ఆమె నీళ్లలోకి నడిచిపోయిందని చెప్తారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఈ కథనే తీసుకొని 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. కథలో నిజమెంతో మనం తేల్చలేం. కానీ ఈ కరువు సీమలో కూడా ఊళ్లు నీళ్లకు ఎంత భయపడ్డాయో ఆ కథ చెప్తుంది. ఊరి క్షేమానికి ధర ఎవరు కట్టారో కూడా చెప్తుంది.

ఇది పాత కథే అనుకోవద్దు. 2022 అక్టోబరులో రెండు రోజుల వానకు నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో కనగానపల్లి వైపు పడిన వానకు ఇదే పండమేరు పొంగింది. అనంతపురం, రాప్తాడు మధ్య ఏటి పక్కన ఉన్న కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. తెల్లారేసరికి జనం ఇళ్ల పైకెక్కి కూర్చున్నారు. అవి కలిగినవాళ్ల బంగళాలు కావు, కూలినాలి చేసుకునేవాళ్ల ఇళ్లు.

ఎందుకిలా జరుగుతుంది? వంకలో పదేళ్లు నీళ్లు రాకపోతే కంపచెట్లు మొలుస్తాయి. ఆ కంప కొట్టేసి, జేసీబీతో చదును చేసి, తెల్ల రాళ్లు పాతితే అది ప్లాటు అయిపోతుంది. చూసేవాళ్లకు ఎండిన నేలే. వానలు బాగా పడే కోనసీమలో ఏటి గర్భం ఎక్కడుందో పిల్లోడికి కూడా తెలుస్తుంది. మన దగ్గర కరువు ఆ గుర్తును చెరిపేస్తుంది. మనుషులు మరిచిపోతారు, నీళ్లు మాత్రం దోవ మరిచిపోవు.

రెండోది కాగితాల చరిత్ర.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాడు. అందుకే దత్తమండలం అన్నారు. థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా 1807 దాకా పనిచేశాడు. ఆయన ఊరూరా పొలాలు కొలిపించి, రైతు పేరు మీదే శిస్తు రాయించే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. ఏ నేలకు ఎవరు శిస్తు కడతారో, ఏది పట్టా, ఏది పోరంబోకు, ఏది వంక, ఏది చెరువు అని పుస్తకంలో రాసుకునే అలవాటు అక్కడి నుంచి గట్టిపడింది. తర్వాత జరిగిన సర్వేల్లో వచ్చిన నంబర్ల మీదనే ఇప్పటి రిజిస్ట్రేషన్లు నడుస్తున్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం భూమి లేనివాళ్లకు పట్టాలిచ్చింది. మన వైపు డీకేటీ పట్టా అంటారు. పేదవాడి చేతిలోంచి ఆ భూమి జారిపోకూడదని 1977లో అసైన్డ్ భూముల చట్టం తెచ్చారు. ఆ భూమిని అమ్మకూడదు, కొనకూడదు. మంచి ఉద్దేశంతో తెచ్చిన చట్టమే. కానీ అవసరం ఉన్నవాడు తెల్లకాగితం మీద రాసిచ్చి అమ్ముకుంటూనే వచ్చాడు. రిజిస్ట్రేషన్ కాని భూమి కాబట్టి ధర తక్కువ. ధర తక్కువ కాబట్టి చేతిలో తక్కువ ఉన్నవాళ్లే కొంటారు. అంటే ఒక పేదను కాపాడటానికి వచ్చిన చట్టం కిందే ఇంకో పేద ఇరుక్కుంటాడు. తర్వాత ఆ చట్టానికి సవరణలు వచ్చాయి, 2023లో కూడా వచ్చింది. కానీ ఏ పట్టా ఎప్పుడిచ్చారు, అమ్మే హక్కు వచ్చిందా లేదా అన్నది ఒక్కో నంబరుకు ఒక్కో రకం.

ఇంకోటి చుక్కల భూములు. పాత రీసెటిల్మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన నేలలు. వందేళ్ల కిందట ఏ గుమాస్తానో పెట్టిన చుక్క, ఇవాళ ఒక తల్లి కట్టిన డబ్బును ఆపగలదు. దీనికోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. రిజిస్టర్ చేయకూడని భూముల జాబితాను 22ఏ అంటారు. ఆ రెండు అంకెలూ ఒక అక్షరమూ ఇల్లు కొనే ప్రతి ఆడమనిషికీ నోటికి వచ్చి ఉండాలి.

మూడోది, ఆ కాగితం మీద ఎవరి పేరు ఉంటుందన్న చరిత్ర.

మా అవ్వల కాలంలో భర్త పోయిన ఆడమనిషి ఇల్లు కొనడం అటుంచి, ఉన్న ఇంట్లో ఉండటమే బావమరుదుల దయ. హిందూ కుటుంబాల్లో 1937 చట్టం విధవకు భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది గానీ, అది బతికినంత కాలం అనుభవించడానికే. ఇష్టమొచ్చినట్టు అమ్ముకునే హక్కు లేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఆడవాళ్ల ఆస్తి పూర్తిగా ఆడవాళ్లదైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో, 1985 సెప్టెంబరు నుంచి కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. దేశమంతటికీ ఆ మాట చెప్పడానికి 2005 దాకా పట్టింది. ఈ విషయంలో మనం ఇరవై ఏళ్లు ముందున్నాం.

చట్టం ఒక పక్క, గోడలు ఇంకో పక్క. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టారు. మనమంతా ఆర్‌డీటీ అంటాం. ఆ సంస్థ పల్లెల్లో కట్టించిన ఇళ్లను ఆడవాళ్ల పేరున రాయించింది. తర్వాత ప్రభుత్వాలు కూడా అదే దోవ పట్టాయి. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు, పల్లెల్లో సెంటున్నర, టౌన్లలో సెంటు. కాగితం మీద పేరు మారడం చిన్న విషయం కాదు. తాగొచ్చిన మొగుడు "నా ఇంట్లోంచి పో" అనే మాట అక్కడ చెల్లదు. కానీ ఆడదాని పేరున ఇచ్చే నేల ఊరికి ఎంత దూరంలో, ఏ వంక పక్కన ఇస్తున్నారన్నది కూడా చూడాలి. పేరు ఒక్కటే ఇంటిని కాపాడదు.

ఇక మనుషుల చరిత్ర. రాప్తాడు అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది ఫ్యాక్షన్. 2010లో 'రక్తచరిత్ర' సినిమా వచ్చాక మరీ ఎక్కువైంది. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవి హత్య జరిగింది. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో రాప్తాడుకు మొదటిసారి ఎన్నికలు జరిగితే, గెలిచింది ఆయన భార్య సునీత. నేను ఏ పక్షమూ మాట్లాడటం లేదు. ఒక్కటే అంటున్నా. ఫ్యాక్షన్ చరిత్ర చెప్పేవాళ్లు చంపినవాళ్ల పేర్లు, చచ్చినవాళ్ల పేర్లు చెప్తారు. రెండు పక్షాల్లోనూ మిగిలి, పిల్లల్ని పెంచిన ఆడవాళ్ల లెక్క ఎవరూ చెప్పరు.

ఆ లెక్కలో ఇంకా పెద్ద గుంపు ఉంది. శెనక్కాయ పంట మీద బతికిన ఈ జిల్లాలో, వరస కరువులకు అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతుల భార్యలు. 2004లో వచ్చిన 421 జీవో ప్రకారం ఆ కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పు తీర్చడానికి యాభై వేలు. ఆ డబ్బు కోసం ఎన్ని ఆఫీసులు తిరిగారో ఆ తల్లులకే తెలుసు. చాలామంది పల్లెలో ఇల్లు వదిలి, పిల్లల చదువుకని అనంతపురానికో ధర్మవరానికో బాడుగకు వచ్చారు. కాబట్టి మా అక్క ఒక్కతే కాదు. ఆమె వెనక ఒక తరమే ఉంది.

ఇప్పుడు ఆమె ప్రశ్నకు జవాబు. ఊరు మంచిదేనా?

అక్కా, రాప్తాడు చెడ్డ ఊరు కాదు. టౌన్‌కు దగ్గర, రోడ్డు మీద ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, కాబట్టి రోజూ టౌన్‌కు వచ్చి మిషన్ కుట్టుకొని పోవడానికి ఖర్చు తగ్గింది. పేరు చూసి భయపడొద్దు. రెండు సెంట్లలో ఇల్లు కట్టుకునే మనిషికి సినిమాలో చూపించిన ఫ్యాక్షన్ కంటే దీపం లేని దోవ, రాత్రి లేని బస్సు, రెండుసార్లు అమ్మిన ప్లాటు, ఇవే పెద్ద ప్రమాదాలు.

అందుకని స్థలం చూడటానికి ఎండాకాలంలో కాదు, పెద్ద వాన పడిన మరుసటి రోజు పో. పక్క పొలంలో గొర్లు కాసే ముసలాయన్ని "తాతా, నీళ్లు ఎట్ల పోతాయి?" అని అడుగు. బ్రోకరు చెప్పనిది ఆయన చెప్తాడు. సర్వే నంబరు తీసుకొని ఎఫ్ఎంబీ పటంలో వంక ఎక్కడుందో సర్వేయరుతో చూపించుకో. 22ఏ జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కో. ముప్పై ఏళ్ల ఈసీ తీయించు. డీకేటీ అంటే ఎంత చౌకైనా, కాగితాలు లాయరుకు చూపించకుండా బయానా ఇయ్యొద్దు.

రిజిస్ట్రేషన్ నీ పేరునే చేయించుకో. భర్త పేరు రాయడం ఇష్టం లేకపోతే తండ్రి పేరు రాయించుకోవచ్చు. ప్రేమకొద్దీ మైనరు పిల్లల పేరున పెట్టొద్దు. రేపు ఏ ఆపదకో అమ్మాలంటే 1956 నాటి మైనర్ల సంరక్షణ చట్టం ప్రకారం కోర్టు అనుమతి కావాల్సి వస్తుంది. చివరగా, ఒక రోజు రాత్రి ఎనిమిదికి ఆ వీధిలో నీ కూతుర్ని వెంటబెట్టుకొని నడిచి చూడు. కొళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో పక్కింటామెను అడుగు. ఆమె నిన్ను కూర్చోమని చెంబు నీళ్లిస్తే, అది కూడా ఒక కాగితమే అనుకో.

నిన్న అక్క మళ్లీ ఫోన్ చేసింది. చూసిన ప్లాటు వదిలేసిందట. గొర్ల తాత "ఆడ నీళ్లు నడుచ్చాయి తల్లీ" అన్నాడట. రొంత పైకి, మిట్ట మీద ఒకటిన్నర సెంటు చూసింది. అర సెంటు తక్కువ. "చిన్నదే అన్నా, అయినా రాత్రి వాన పడితే లేచి కూర్చోబన్లేదు" అంది.

ఆరువందల యాభై ఏళ్ల కిందట ఈ ఏటి పక్కన ఊరు నిలబడాలంటే ఒక ఆడమనిషి మునగాలన్నారు. ఇవాళ ఒక ఆడమనిషి మిట్ట చూసుకొని, తన పేరున ఇల్లు కట్టుకొని, పిల్లల్తో నిలబడాలనుకుంటోంది. చరిత్ర ఏమన్నా ముందుకు పోయిందంటే అది ఇదేనండీ.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. సెలవు.