శక్కర్‌నగర్ చెరకు, ఓపెన్ఆఫీస్ కోడు

మాది బోధన్. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 1937లో పుట్టింది. చెరకు రైతుదే, ఆడించే మిల్లు మాత్రం ఇంకొకరిది. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్లో మూతపడింది. నరికిన చెరకు ఎన్ని రోజులు ఆగుతుంది చెప్పండి? చాలామంది వరికి మళ్ళారు.

2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొనేసింది. ఆ సెప్టెంబర్లోనే ఓపెన్ఆఫీస్ వాలంటీర్లు చాలామంది కోడు పట్టుకుని బయటికొచ్చి లిబ్రెఆఫీస్ పెట్టుకున్నారు. లైసెన్సు అట్లాంటిది మరి! (మిల్లుకి ఫోర్క్ ఎక్కడిది?)

నేనూ ఒక కంపెనీలో ఓపెన్ సోర్స్ టీము నడుపుతున్నా. రివ్యూలో పైవాళ్ళు అడిగేది మన కమిట్లెన్ని అని. నేను లెక్కపెట్టేది, మనం లేకపోయినా రిలీజ్ చెయ్యగలిగే బయటివాళ్ళు ఎంతమంది అని. దానికి అప్రైజల్లో రేటింగ్ తగ్గింది లెండి. ప్రస్తుతానికి ఇద్దరున్నారు. పోయినేడు ఒక్కరూ లేరు.