గత్తర, అమ్మతల్లి, టీకా

కరీంనగర్ పల్లెల్లో కోపం వచ్చినవాళ్లు "నీకు గత్తర రాను" అని తిడతారు. గత్తర అంటే కలరా అని నా తరగతిలో చాలామందికి తెలియదు. వ్యాధి వెనక్కు తగ్గింది, భయం తిట్టులో మిగిలింది. హైదరాబాదు జ్వరాల ఆస్పత్రిని జనం "కోరంటి దవాఖాన" అన్నారు. ఆ కోరంటి క్వారంటీన్ అనే మాటే. దస్తావేజులు వదిలేసిన చరిత్రను భాష యిలా దాచిపెడుతుంది.

మశూచిని "అమ్మతల్లి పోసింది" అనేవారు. గడపకు వేపమండలు కట్టి, పైవారిని లోపలికి రానిచ్చేవారు కారు. యిదంతా మూఢవిశ్వాసమని కొట్టిపారెయ్యడం సులభం. కాని పైవారిని ఆపడంలో అంటురోగాన్ని గురించిన అనుభవజ్ఞానం వుంది. వారికి లేనిది టీకా. జెన్నర్ 1796లో కనిపెట్టిన టీకా 1802లోనే బొంబాయి చేరింది. మన దేశంలో మశూచి చివరిసారి కనిపించింది 1975లో. అంటే 173 యేళ్లు! పోచమ్మకు బోనమెత్తే తల్లిని వెక్కిరించే మేధావులు యీ లెక్క చెప్పరు. గడీ ముందు వెట్టి చేసే జనం ఆరోగ్యం పాలకులకు యెన్నడు లెక్కకు వచ్చింది? చివరికి మశూచిని ఓడించింది టీకా వొక్కటే కాదు. ఇల్లిల్లూ తిరిగి రోగిని వెతికి, అతని చుట్టూ వున్నవారందరికీ టీకా వేసిన పద్ధతి.

ఆ పద్ధతిలో సగం కరీంనగర్ పట్టణం 2020 మార్చిలో చూసింది. టీకా అప్పటికింకా లేదు. ఇండోనేషియా నుంచి వచ్చిన మతబోధకుల బృందంలో కోవిడ్ బయటపడగానే, కలెక్టరేట్ చుట్టుపక్కల వైద్యసిబ్బంది గడపగడపకూ తిరిగి జ్వరాలూ దగ్గులూ వాకబు చేశారు. అది శాస్త్రం. ఆ నెలాఖరుకే దేశంలో రోగానికి మతం అంటగట్టే ప్రచారం బయలుదేరింది. గత్తరకు మంత్రగత్తెను వెతికిన పాత బుద్ధికీ దీనికీ నాకు భేదం కనిపించలేదు.

ఆదిలాబాదు కథ వేరు. మలేరియాను దోమ మోస్తుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రుజువు పట్టుకున్నాడు. అక్కడికి ఉట్నూరు సుమారు 300 కిలోమీటర్లు. శతాబ్దం దాటినా గోండు, కొలాం గూడేలను వానాకాలపు జ్వరాలు వదలలేదు. నేడు వేలి కొసనుంచి వొక నెత్తురుచుక్క తీస్తే పావుగంటలో మలేరియా వున్నదీ లేనిదీ తేలుతుంది. ఆ పరీక్షపెట్టె బరువేమీ కాదు. అది మోసుకొచ్చే ఆశా కార్యకర్త మాత్రం, వంతెన లేనిచోట, వాగు తగ్గేదాకా యివతలి గట్టున నిలబడాలి.