పాఠశాల విద్యలో దృశ్య పాఠాలు: ‘సైట్’ నుంచి ‘దీక్ష’ వరకు

నెల్లూరు: విద్యకే ప్రత్యేకించిన దేశపు తొలి ఉపగ్రహం ఎడ్యుశాట్‌ను 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ కేంద్రం 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఎడ్యుశాట్ సేవలు 2010లో ముగిశాయి.

అంతకు పూర్వమే, 1975-76లో ‘సైట్’ కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్‌లోని ఎంపిక చేసిన గ్రామాల బాలలకు ఉదయం వేళ 22½ నిమిషాల తెలుగు ప్రసారం అందింది. ఆ సమయంలో విద్యుత్తు లేకపోతే పాఠం తప్పిపోయేది.

2017లో ప్రారంభమైన ‘దీక్ష’ ద్వారా, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ సాయంతో పాఠాలను కావలసినప్పుడు చూడవచ్చు. ఒక వీడియో భిన్నాల కూడిక వంటి ఒకే అంశానికి పరిమితమైనప్పుడు, ఉపాధ్యాయులు దానిని మధ్యలో ఆపి, ప్రశ్నలు వేసి, తిరిగి చూపగలరు. ఇంట ఫోను లేని విద్యార్థికి తరగతి గదిలోని ప్రదర్శనే ఆధారం.