తుప్పు నీళ్లు: రోడ్డు తవ్వకుండానే పాత పైపుకి లోపల కొత్త పూత.. వడ్డాది లాంటి ఊళ్లకి పనికొస్తుందా?

వడ్డాది (అనకాపల్లి జిల్లా): కొళాయి విప్పగానే ముందు ఓ బిందెడు ఎర్రనీళ్లు పారబోసి, ఆ తర్వాతే పట్టుకోవడం చాలా ఊళ్లలో అలవాటైపోయింది. పైపు పాతదైపోయిందని అందరికీ తెలుసు. మార్చాలంటే మాత్రం రోడ్డు తవ్వాలి. గుంతలతో ఏళ్లుగా వార్తల్లో ఉన్న భీమిలి-నర్సీపట్నం రోడ్డు మీద, చోడవరం నుంచి మాడుగుల వెళ్లే దారిలో ఉన్న వడ్డాదిలో మళ్లీ పొక్లెయిన్ దించాలంటే మాటలు కాదు. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉన్న ఈ ఊరికే కాదు, పాత పైపుల మీద బతుకుతున్న ఏ ఊరికైనా ఇదే చిక్కు.

దీనికి ఇంకో దారి కూడా ఉంది. పైపుని భూమిలోనే ఉంచి, లోపలి గోడకి కొత్త పూత వేయడం. దీన్నే పైప్ లైనింగ్ అంటారు.

తుప్పు ఏం చేస్తుంది?

పోత ఇనుప పైపులో నీరు, ఆక్సిజన్ కలిసి ఇనుముని తింటాయి. ఆ తుప్పు గడ్డలు గడ్డలుగా గోడకి పట్టేస్తుంది. 100 మిల్లీమీటర్ల పైపులో చుట్టూ 10 మిల్లీమీటర్ల తుప్పు పేరుకుంటే దారి 80కి తగ్గుతుంది. తగ్గింది 20 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అదే ఒత్తిడి మీద వచ్చే నీరు దాదాపు 44 శాతం పడిపోతుంది. గరుకుదనం వల్ల పోయేది దీనికి అదనం. ట్యాంకు నిండుగా ఉన్నా వీధి చివరి ఇంటికి ధార సన్నగా రావడానికి ఇదో కారణం.

అసలు ప్రమాదం మాత్రం చిల్లుల దగ్గర. మన ఊళ్లలో నీళ్లు పూటకో గంటో రెండు గంటలో వదులుతారు. వదిలినంతసేపూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లుల్లోంచి నీరు బయటికే పోతుంది. ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు బయటి తడిని లోపలికి లాగుతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ మురుగే లోపలికి వస్తుంది. మర్నాడు మొదట కొళాయి విప్పినవాళ్ల బిందెలో పడేది అదే.

దీని ఫలితం తెలుగువాళ్లు చూడనిది కాదు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో మురుగు కలిసిన తాగునీటితో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఉత్తరాంధ్రలో అయితే 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా అక్కడికి వెళ్లారు.

పూత ఎలా వేస్తారు?

పైపు పొడవునా తవ్వరు. రెండు చివర్లా గుంత తీసి, మధ్య ముక్కని ఖాళీ చేస్తారు. ఆ లైను మీదున్న ఇళ్లకి అన్ని రోజులూ పైనుంచి తాత్కాలిక పైపు వేసి నీళ్లివ్వాలి. తర్వాత స్క్రేపర్‌తోనో, హైప్రెషర్ నీటి జెట్‌తోనో తుప్పంతా గీకేస్తారు. కెమెరా పంపి చూస్తారు. పని సగం ఇక్కడే తేలిపోతుంది. గోడ మీద తడీ, తుప్పూ మిగిలితే ఎంత ఖరీదైన పూతయినా పెచ్చులూడుతుంది.

ఆ తర్వాత పైపులో గిర్రున తిరిగే యంత్రాన్ని లాక్కుంటూ పూత చిమ్ముతారు. ఎక్కువ వాడుకలో ఉన్నది సిమెంటు మోర్టార్. అందులోని సున్నపు గుణం వల్ల ఇనుము మళ్లీ తుప్పు పట్టదు. ధర తక్కువ. కొత్తలో నీటికి కాస్త సున్నపు గుణం అంటుతుంది. ఎపాక్సీ పూత ఒక మిల్లీమీటరు మందం చాలు, కానీ గట్టిపడటానికి గంటలు పడుతుంది. తాగునీటికి పనికొస్తుందని ధ్రువీకరణ ఉన్న రకమే వాడాలి.

ఇవి రెండూ గోడకి రంగు వేసినట్టే. పగిలిన గోడని నిలబెట్టవు. పైపే బలహీనమైతే రెజిన్‌లో తడిపిన గుడ్డ గొట్టాన్ని లోపలికి పంపి, వేడితో గట్టిపరిచే పద్ధతి ఉంది. 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజినీరు ఓ మురుగు కాలువలో మొదలుపెట్టిందిది. పాత పైపులో కొత్త పైపు పుట్టినట్టన్నమాట. ఆ గొట్టం ఇళ్ల కనెక్షన్లన్నింటినీ మూసేస్తుంది కాబట్టి లోపలినుంచి చిన్న రోబో కట్టర్‌తో ఒక్కొక్కటీ తిరిగి తెరవాలి. మన దేశంలో కోల్‌కతాలో బ్రిటిష్ కాలం నాటి ఇటుక మురుగు కాలువలకి ఫైబర్ లైనింగ్ వేసి నిలబెట్టారు. అదీ ఇదే ఆలోచన, పద్ధతే వేరు.

మరి పల్లెలకి?

అందరికీ కాదు. లైనింగ్ లాభించేది పెద్ద ఇనుప, స్టీలు మెయిన్ లైన్లకి, అదీ హైవే, రైలు పట్టాల కింద తవ్వడం కుదరని చోట. వీధిలోని చిన్న పైపుకి యంత్రం తెచ్చే ఖర్చుతో కొత్త పైపే వచ్చేస్తుంది. పీవీసీ, హెచ్‌డీపీఈ పైపులు తుప్పే పట్టవు. వాటి రోగమంతా జాయింట్ల దగ్గర, ఇంటి కనెక్షన్ బిగించిన చోట. ఆస్బెస్టాస్ సిమెంటు పైపు ఉంటే దాన్ని కోయకుండా వదిలేసి పక్కన కొత్త లైను వేయడం మేలు. కోసినప్పుడు రేగే దుమ్ము ఊపిరితిత్తులకి హాని.

ఇంకో మాట. ఎర్రనీళ్లన్నీ పైపు తప్పే కాదు. బోరు నీటిలోనే ఇనుము ఎక్కువ ఉండొచ్చు. ట్యాంకు దగ్గర ఓ సీసా, ఇంటి కొళాయి దగ్గర ఓ సీసా పట్టి పక్కపక్కన పెట్టండి. రెండూ ఎర్రబడితే తప్పు బోరుది. ట్యాంకు నీళ్లు తేటగా, ఇంటివి ఎర్రగా ఉంటే పైపుది. వీధిలో మీ ఒక్క ఇంటికే అయితే గోడలోని పాత జీఐ పైపుది, దానికి పంచాయతీని అడిగి లాభం లేదు.

అయితే నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు, మురుగు కలిసినా కంటికి కనపడకపోవచ్చు. కొళాయి చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర సరిగ్గా ఉండి, ఇంటి దగ్గర సున్నా వస్తే మధ్యలో ఏదో కలుస్తోందని అనుమానించాలి. పంచాయతీల్లో ఉండే ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో ఇది నిమిషాల్లో తెలుస్తుంది. నీళ్లు వదిలిన తొలి నిమిషాల్లోనే, వీధి చివరి ఇంట్లోనే పరీక్ష చేయమని అడగండి.